మంటల్లో ఇనుప గర్డరు, చెక్క దూలం: ఏది ఎంతసేపు మోస్తుంది?

కమ్మరి కొలిమి ముందు కాసేపు నిలబడి చూసినవాళ్ళకు ఒక సంగతి బాగా తెలుసు. ఇనుము వంగాలంటే కరగక్కర్లేదు. కర్రు కొసను బొగ్గుల్లో పెట్టి, తిత్తి ఊది, ఎర్రబడగానే పట్టకారుతో తీసి దాగలి మీద పెడితే నాలుగు దెబ్బలకే చెప్పినట్టు వింటుంది. చల్లగా ఉన్నప్పుడు దాన్నే పొద్దంతా కొట్టినా సుత్తి ఎగరడమే తప్ప ఇనుము కదలదు. భవనం తగలబడినప్పుడు లోపలి ఉక్కు దూలాలకు జరిగేది ఇదే. అక్కడ సుత్తి దెబ్బ ఉండదు. దాని బదులు పై అంతస్తు బరువు, కప్పు బరువు, గోడౌన్‌లో పేర్చిన సరుకు బరువు క్షణం కూడా ఆగకుండా కిందికి నొక్కుతూ ఉంటాయి.

ఉక్కు కరగడానికి దాదాపు 1500 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఫర్నిచరు, బట్టలు, ప్లాస్టిక్ కాలుతున్న గదిలో వేడి మహా అయితే 1000 నుంచి 1100 డిగ్రీల దాకా వెళ్తుంది. అందుకే 2001లో న్యూయార్క్ టవర్లు కూలినప్పటి నుంచీ ‘ఉక్కు కరగనే కరగదు, మరి భవనం ఎలా కూలింది?’ అన్న ప్రశ్న ఇంటర్నెట్‌లో తిరుగుతూనే ఉంది. ప్రశ్నలోనే పొరపాటుంది. కరగడానికి చాలా ముందే ఉక్కు మెత్తబడుతుంది. మన దేశంలో ఉక్కు కట్టడాల డిజైన్‌కు ఆధారమైన ఐఎస్ 800 ప్రమాణం 2007 ప్రతిలో అగ్నినిరోధం గురించి 16వ విభాగం ఉంది. దాని లెక్క ప్రకారం 215 డిగ్రీలు దాటాక ఉక్కు బలం సరళరేఖలో పడిపోతూ పోతుంది. 550 డిగ్రీల దగ్గర సగమే మిగులుతుంది. 600 దగ్గర 44 శాతం. 905 డిగ్రీలకు సున్నా. యూరప్ ప్రమాణం 400 డిగ్రీల దాకా బలం తగ్గదని చెబుతుంది గానీ, అక్కడి నుంచి పతనం మరీ వేగం. 600కి 47 శాతం, 700కి 23 శాతం. మామూలు రోజుల్లో దూలం మీద పడే బరువు చాలా చోట్ల దాని పూర్తి శక్తిలో సగం, సగానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. అందుకే ఇంజనీర్లు 550 డిగ్రీలను ప్రమాదపు గీతగా చూస్తారు.

ఆ గీత దాటడానికి ఎంతసేపు పడుతుంది? ప్రయోగశాలల్లో దూలాలను పరీక్షించే కొలిమిని ప్రపంచమంతా దాదాపు ఒకే పద్ధతిలో వేడి చేస్తారు. మొదలుపెట్టిన 5 నిమిషాలకు 576 డిగ్రీలు, 10 నిమిషాలకు 678, అరగంటకు 842, గంటకు 945. ఇప్పుడు మన ఫాబ్రికేటర్లు రోజూ వాడే, ఐ ఆకారంలో ఉండే ఐఎస్ఎంబీ 300 ఉక్కు దూలాన్నే తీసుకుందాం. 300 మిల్లీమీటర్ల ఎత్తు, మీటరుకు దాదాపు 44 కిలోల బరువు. చేత్తో తడిమితే గట్టిగా, బండగా అనిపిస్తుంది. కానీ దాని నడుం, అంటే మధ్యలోని నిలువు పలక, మందం 7.5 మిల్లీమీటర్లే. పైన స్లాబు ఉండి, మిగతా మూడు వైపులా మంట తగిలితే, ఏ పూతా లేని ఈ దూలం సుమారు పావుగంటలో 550 డిగ్రీలకు చేరుతుంది. పలచటి స్టీలు గిన్నె పొయ్యి మీద పెట్టగానే కాలుతుంది, దోసెల పెనం కాలడానికి టైం తీసుకుంటుంది. ఇక్కడా సూత్రం అదే. లోపలి లోహం ఎంత, మంటకు తగిలే చర్మం ఎంత అన్న నిష్పత్తే దూలం ఆయుష్షును నిర్ణయిస్తుంది. బరువైన గర్డరు కాస్త ఎక్కువసేపు నిలబడుతుంది. రేకుల షెడ్డు కప్పును మోసే ట్రస్సుల్లో వాడే సన్నటి యాంగిళ్ళు, పైపులు అంతకంటే చాలా ముందే చేతులెత్తేస్తాయి.

బలం తగ్గడం ఒక ఎత్తయితే, సాగడం ఇంకో ఎత్తు. దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. ఉక్కు ఒక్కో డిగ్రీకి తన పొడవులో లక్షలో 1.2 వంతు పెరుగుతుంది. వినడానికి లెక్కలోకి రానంత చిన్నది. కానీ 10 మీటర్ల దూలం 500 డిగ్రీలు వేడెక్కితే 60 మిల్లీమీటర్లు పొడవవుతుంది. 30 మీటర్ల షెడ్డులో అయితే 180 మిల్లీమీటర్లు, అంటే జానెడు కంటే కొంచెం తక్కువ. ఆ పెరిగిన పొడవుకు ఎక్కడో చోటు కావాలి. దొరక్కపోతే దూలం తన ముందున్న గోడనో, స్తంభాన్నో బయటికి తోస్తుంది. కాసేపయ్యాక మెత్తబడి ఊయలలా కిందికి దిగితే, ఇంతకు ముందు బయటికి తోసిన దాన్నే ఈసారి లోపలికి లాగుతుంది. గోడ వెంబడి నిలబడి పైపుతో నీళ్ళు కొడుతున్న ఫైర్ సిబ్బందికి రెండూ ప్రాణాంతకమే. గోడౌన్ మంటల్లో గోడ ఎత్తుకు మించిన దూరంలో ఉండమని అనుభవజ్ఞులు పదే పదే చెప్పేది ఇందుకే.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో కూలిన మూడో పెద్ద భవనం కథ కూడా సాగుదలదే. వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లోని 7వ నంబరు భవనానికి 47 అంతస్తులు. దానికి విమానం తగల్లేదు. పక్క టవరు శిథిలాలు పడి అంటుకున్న మంటలు ఆర్పేవాళ్ళు లేక గంటల తరబడి కాలాయి. సాయంత్రం 5 గంటల 20 నిమిషాలకు భవనం మొత్తం నేలమట్టమైంది. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ ఏళ్ళ తరబడి పరిశోధించి తేల్చిన కారణం ఇది: వేడికి సాగిన ఫ్లోరు దూలాలు ఒక ముఖ్యమైన గర్డరును పక్కకు తోసి, 79వ నంబరు స్తంభం దగ్గర అది కూర్చున్న ఆసనం మీద నుంచి జార్చేశాయి. ఒక అంతస్తు కింది అంతస్తు మీద పడింది, ఆసరా పోయిన స్తంభం వంగింది, ఆ తర్వాత మిగతాదంతా. అక్కడ ఉక్కు కరగలేదు. అన్నిటికంటే ముందు ఓడిపోయింది ఒక జాయింటు.

ఇక చెక్క. కట్టెల పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళు మండుతున్న కట్టెను అవతలి కొస పట్టుకుని ఎగదోస్తారు, చెయ్యి కాలదు. అదే పొయ్యిలో ఇనుప ఊచ కొసను పెట్టి మరిస్తే ఇవతలి కొసను గుడ్డ లేకుండా పట్టుకోలేరు. ఉక్కులో వేడి ప్రయాణించే తీరుతో పోలిస్తే చెక్కలో అది కొన్ని వందల రెట్లు నెమ్మది. మంటల్లో చెక్క దూలాన్ని కాపాడే మొదటి గుణం ఇదే. రెండోది బొగ్గు. పైపొర సుమారు 300 డిగ్రీలకు చేరేసరికి నల్లగా మాడి బొగ్గవుతుంది. ఆ బొగ్గు చెక్క కంటే కూడా మంచి వేడి నిరోధకం. తాను కాలిపోతూ లోపలి చెక్కకు దుప్పటి అవుతుంది.

కాలిన టేకు దూలాన్ని అడ్డంగా రంపంతో కోసి చూస్తే సంగతంతా కళ్ళ ముందు ఉంటుంది. బయట మొసలి చర్మంలా పగుళ్ళు బారిన నల్లటి బొగ్గు. వేలితో రుద్దితే రాలిపోతుంది. దాని వెనక కొన్ని మిల్లీమీటర్ల గోధుమరంగు గీత, సగం మాడిన భాగం. ఆ గీత దాటితే మామూలు టేకే. అదే పసుపు ఛాయ, అదే నూనె వాసన, ఉలి పెడితే అదే గట్టిదనం. బయట మంట 900 డిగ్రీలున్నా, బొగ్గు అంచు నుంచి మూడు నాలుగు సెంటీమీటర్ల లోపల వేడి 100 డిగ్రీలు కూడా దాటి ఉండదు.

చెక్క కాలే వేగాన్ని ముందుగానే లెక్క కట్టవచ్చు. టేకు లాంటి బరువైన కలపకు నిమిషానికి 0.55 మిల్లీమీటర్లు, పైన్ లాంటి మెత్తటి కోత కలపకు 0.8 మిల్లీమీటర్లు అని యూరప్ ప్రమాణం చెబుతుంది. బొగ్గు పక్కనున్న మరో 7 మిల్లీమీటర్లకు బలం లేనట్టే లెక్కిస్తారు. 200 మిల్లీమీటర్ల వెడల్పు, 300 మిల్లీమీటర్ల ఎత్తున్న టేకు దూలం మూడు వైపులా అరగంట కాలిందనుకుందాం. ఒక్కో వైపు 16.5 మిల్లీమీటర్లు బొగ్గు, దానికి 7 కలిపితే 23.5. మిగిలేది 153 వెడల్పు, 276.5 ఎత్తు. వంపును తట్టుకునే శక్తి లెక్క వేస్తే 65 శాతం ఇంకా చేతిలో ఉంది. గంట కాలితే 45 శాతం. ఏ పూతా లేని ఐఎస్ఎంబీ 300 పావుగంటలోనే సగానికి పడిపోయిందని గుర్తు పెట్టుకుంటే తేడా అర్థమవుతుంది.

దీన్ని పట్టుకుని ‘చెక్కే మేలు’ అని తీర్పు చెప్పేవాళ్ళున్నారు. అది తొందరపాటు. అదే టేకును 50 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు వాసంగా కోసి అదే అరగంట మంటలో పెడితే, రెండు పక్కల నుంచీ 23.5 చొప్పున తీసేయగా మిగిలేది 3 మిల్లీమీటర్లు. అంటే ఏమీ లేదు. కలప మారలేదు, మంట మారలేదు. మారింది మందం ఒక్కటే. పాత మండువా ఇళ్ళలో కాలిన కప్పు పెంకులూ వాసాలూ రాలిపోయి, పెద్ద దూలాలూ స్తంభాలూ మాత్రం నల్లబడి నిలబడి ఉండటానికి కారణం ఇదే. దీనికి తోడు చెక్క తానే మంటకు మేత అవుతుంది. ఉక్కు అలా కాదు. ఈ తేడాను తక్కువ చేసి చూపకూడదు.

సన్నటి కలప ఎంత మోసం చేస్తుందో అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళు కచ్చితంగా తెలుసుకోవాలి. న్యూజెర్సీ, అట్లాంటా వంటి చోట్ల కొత్త ఇళ్ళలో బేస్‌మెంటుకు దిగి తల ఎత్తి చూస్తే, పై ఫ్లోరును మోస్తున్నవి చాలాసార్లు నిండు చెక్క దూలాలు కావు. ఐ ఆకారంలో ఉండి, పైనా కిందా సన్నటి చెక్క బద్ద, మధ్యలో సెంటీమీటరు మందం చెక్క పేళ్ళ బోర్డు ఉన్న తయారీ దూలాలు. మామూలు రోజుల్లో అవి నిటారుగా, బలంగానే ఉంటాయి. కానీ అమెరికా పరీక్షా సంస్థ యూఎల్ 2008లో చేసిన ప్రయోగాల్లో, కింద సీలింగు బోర్డు లేనప్పుడు పాత రకం నిండు దూలాల ఫ్లోరు 18 నిమిషాలకు పైగా నిలబడితే, ఈ ఐ దూలాల ఫ్లోరు సుమారు 6 నిమిషాలకే కూలింది. 911కి ఫోన్ చేసి ఫైరింజన్ వచ్చేలోపే ఆ 6 నిమిషాలు అయిపోతాయి. కింద జిప్సం బోర్డు బిగిస్తే రెండు రకాలకూ సమయం బాగా పెరిగింది. బేస్‌మెంటు సీలింగును ‘తర్వాత చూద్దాం’ అని వదిలేయడం ఖర్చు విషయం మాత్రమే కాదు.

2019 ఏప్రిల్ 15న పారిస్ నోత్రదామ్ చర్చిలో కలప, ఉక్కు రెండూ ఒకే మంటలో పడ్డాయి. మధ్యయుగాల నాటి ఓక్ కలప కప్పును అక్కడివాళ్ళు ‘అడవి’ అని పిలిచేవారు. అన్ని దూలాలు, అన్ని వాసాలు. శతాబ్దాలుగా ఎండి, మధ్యలో గాలి ఆడేలా పేర్చిన ఆ కప్పు ఒక్క సాయంత్రంలో పోయింది. పెద్ద మంట అంటుకునేదాకా ఆర్పే ఏర్పాటు లేనప్పుడు ఓక్ అయినా ఏమీ చేయలేదు. అదే మంటకు, మరమ్మతుల కోసం చుట్టూ కట్టిన ఉక్కు పరంజా, దాదాపు 40 వేల పైపులు, మెలికలు తిరిగి ఒకదానికొకటి చిక్కుపడింది. అది ఎప్పుడు కూలి కింది రాతి కమానుల మీద పడుతుందోనన్న టెన్షన్ నెలల తరబడి సాగింది. దాన్ని ముక్క ముక్కగా కోసి దించడం పూర్తయ్యేసరికి 2020 నవంబరు వచ్చింది.

లావుపాటి కలప మీద నమ్మకంతోనే ఇప్పుడు ఎత్తైన చెక్క భవనాలు లేస్తున్నాయి. 2022లో పూర్తయిన, అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఉన్న అసెంట్ టవరుకు 25 అంతస్తులు. కింది అంతస్తులు కాంక్రీటువే అయినా, పై అంతస్తుల ఎముకలు మాత్రం పలకలను అంటించి చేసిన లావు దూలాలు, స్తంభాలే. బొగ్గయి పోయే మందాన్ని ముందే కలుపుకుని కొలతలు నిర్ణయించడం ఇలాంటి డిజైన్లలో మామూలు. ఈ రంగం తొలి రోజుల్లో ఒక తలనొప్పి ఎదురైంది. వేడికి జిగురు వదిలేసి, బొగ్గు పట్టిన పలక ఊడి కింద పడితే, లోపలి తాజా చెక్క మళ్ళీ మంటకు దొరుకుతుంది. దుప్పటి లాగేసినట్టే. తర్వాత అమెరికాలో ప్రమాణాలు మార్చి, వేడికి వదలని జిగుర్లు తప్పనిసరి చేశారు. చెక్క దూలాలను కలిపే ఇనుప ప్లేట్లు, బోల్టులు కూడా బయటికి కనబడకూడదు. అవి బయటి వేడిని నేరుగా చెక్క గుండెల్లోకి తీసుకెళ్తాయి. బోల్టు చుట్టూ చెక్క మాడిపోతే దూలం ఎంత లావుగా ఉన్నా జాయింటు నిలవదు. అందుకే వాటిని చెక్క లోపల దాచి, పైన చెక్క బిరడా కొడతారు.

ఉక్కును కాపాడటం కూడా అసాధ్యమేమీ కాదు. చేయాల్సిందల్లా దానికీ ఒక దుప్పటి కప్పడం. మన ఇళ్ళలోని ఆర్‌సీసీ దూలంలో ఉన్నదీ ఉక్కు కమ్మీలే. వాటి చుట్టూ వదిలే కాంక్రీటు కవరు తుప్పునే కాదు, వేడినీ ఆపుతుంది. మేస్త్రీ కవర్ బ్లాకులు పెట్టకుండా కమ్మీని షట్టరింగు మీద ఆనించి కాంక్రీటు పోశాడంటే ఆ దూలం అగ్నినిరోధాన్ని కూడా దోచేసినట్టే. విడి ఉక్కు దూలాలకైతే వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజం కలిపిన పూత చల్లుతారు, జిప్సం బోర్డులతో పెట్టెలా మూస్తారు, లేదా వేడికి పొంగే పెయింటు వేస్తారు. ఈ పెయింటు మామూలప్పుడు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల పొర. మంట తగలగానే నూనెలో అప్పడంలా పొంగి, ఎన్నో రెట్లు మందమైన నురుగు బొగ్గుగా మారి ఉక్కును చుట్టుకుంటుంది. చెక్కకు పుట్టుకతో వచ్చిన కవచాన్ని ఉక్కుకు డబ్బాలో కొని తొడగడమన్నమాట. మన షెడ్లలో కనిపించే ఎర్రటి రెడ్ ఆక్సైడ్ పూత ఇది కాదు. అది తుప్పు పట్టకుండా ఆపడానికే. దాన్ని చూసి ‘పెయింటు వేయించాం, భయం లేదు’ అనుకోవడం పెద్ద పొరపాటు.

పూత ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఎంతో మాడ్రిడ్‌లో ఒకే భవనంలో కనబడింది. 2005 ఫిబ్రవరి 12 రాత్రి 32 అంతస్తుల విండ్సర్ టవరులో 21వ అంతస్తులో మంటలు మొదలయ్యాయి. అప్పటికి ఆ భవనంలో ఉక్కుకు రక్షణ కల్పించే పని కింది నుంచి పైకి జరుగుతోంది. 17వ అంతస్తు దాకా చాలావరకు పూర్తయింది. ఆ పైన చుట్టూ ఉన్న ఉక్కు స్తంభాలు వంగి, వాటి మీద ఆధారపడిన ఫ్లోర్లు వరసగా రాలిపోయాయి. మంట కింది అంతస్తులకూ పాకింది గానీ అవి నిలబడ్డాయి. మధ్యలో ఉన్న కాంక్రీటు గర్భం, మందపాటి కాంక్రీటుతో కట్టిన టెక్నికల్ ఫ్లోరు (యంత్రాలు ఉంచే అంతస్తు) కూలుడును అక్కడే ఆపాయి. ఆ పని అప్పటికే పూర్తయి ఉంటే పై అంతస్తులకూ ఆ రక్షణ దక్కి ఉండేది.

పూత లేని ఉక్కు ప్రతిసారీ కూలుతుందనీ కాదు. ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్‌లో, పాత ఎయిర్‌షిప్ షెడ్డు లోపల 8 అంతస్తుల నిజమైన ఉక్కు భవనం కట్టి, 1995, 1996లలో కావాలని నిప్పు పెట్టి చూశారు. పూత లేని దూలాలు 900 డిగ్రీలు దాటి బాగా వంగినా ఫ్లోరు కూలలేదు. దూలానికి అంటుకుని ఉన్న కాంక్రీటు స్లాబు, లోపలి మెష్‌తో కలిసి, నాలుగు వైపులా పట్టుకున్న దుప్పటిలా బరువును చుట్టుపక్కలకు పంచింది. విడిగా కొలిమిలో పెట్టిన దూలం వేరు, నలుగురి మధ్య ఉన్న దూలం వేరు. రేకుల షెడ్డుకు మాత్రం ఈ అదృష్టం లేదు. దాని పైన స్లాబు లేదు, పక్కన పంచుకునే తోడు లేదు. ఒక ట్రస్సు పోతే రేకులు, వాటిని మోసే అడ్డ ఇనుములు (పర్లిన్లు) పక్క ట్రస్సును లాగుతాయి.

అసలు ఆందోళన పడాల్సింది ఈ షెడ్ల గురించి, పూత లేని ఉక్కు కట్టడాల గురించే. 1993 మే 10న థాయ్‌లాండ్‌లోని కాడర్ బొమ్మల ఫ్యాక్టరీలో రక్షణ పూత లేని ఉక్కు ఫ్రేములు మంటల్లో కూలి 188 మంది చనిపోయారు. 2017 జనవరి 19న టెహ్రాన్‌లో 17 అంతస్తుల ప్లాస్కో భవనం మంటలార్పుతుండగానే కుప్పకూలి అగ్నిమాపక సిబ్బందిలోనే 16 మందిని బలి తీసుకుంది. 2024 మే 25న రాజ్‌కోట్‌లో ఇనుప ఫ్రేమూ రేకులతో కట్టిన గేమ్ జోన్‌లో 27 మంది. మన ఊళ్ళ చుట్టూ గోడౌన్లు, షోరూములు, ఫంక్షన్ హాళ్ళు, మిద్దె మీద వేసిన రేకుల అంతస్తులు ఏటేటా పెరుగుతున్నాయి. వాటిలో కింద పేర్చేది ఫోము, బట్టలు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్. చాలామంది పొగతోనే ప్రాణాలు కోల్పోతారు, నిజమే. కానీ లోపల చిక్కుకున్నవాళ్ళను బయటికి తేవడానికి ఫైర్ సిబ్బందికి ఉన్న నిమిషాలు మాత్రం పైనున్న ఆ సన్నటి యాంగిళ్ళ చేతిలో ఉంటాయి. అనుమతి ఇచ్చేటప్పుడు సిలిండర్లు, పైపులు, మెట్లు చూసినట్టే, ‘పైన ఉన్న ఉక్కు ఎన్ని నిమిషాలు నిలుస్తుంది?’ అని కూడా అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోవాలి.

మంట ఆరాక కూడా ఇనుము, చెక్క తీరు వేరు. చల్లారేటప్పుడు ఉక్కు ముడుచుకుంటుంది. వేడిలో నొక్కుకుని కురచబడిన దూలం ఇప్పుడు జాయింటును లాగుతుంది. మంటను తట్టుకున్న బోల్టులు చల్లారాక తెగడం కార్డింగ్టన్ ప్రయోగాల్లోనూ కనబడింది. అందుకే మంటలు ఆరాయని వెంటనే లోపలికి వెళ్ళకూడదు. మరుసటి వారం ఇంజనీరు వచ్చి దూలం పొడవునా దారం కట్టి చూస్తాడు. దాదాపు 600 డిగ్రీలు దాటని మామూలు ఉక్కు చల్లారాక తన బలాన్ని చాలావరకు తిరిగి తెచ్చుకుంటుంది కాబట్టి, దారానికి తిన్నగా ఉన్న దూలాన్ని తరచుగా ఉంచుకోవచ్చు. ఎక్కువ బలం కోసం చేసే హైటెన్సైల్ బోల్టులను మాత్రం ఉంచరు. వాటి బలం వేడిచేసి చల్లార్చి తెచ్చింది, ఒకసారి పోతే తిరిగి రాదు. చెక్క దూలం దగ్గర పని ఇంకా సులువు. బాడిసెతో బొగ్గు చెక్కేసి, గోధుమరంగు గీత పోయేదాకా రంద పట్టి, మిగిలిన వెడల్పు, ఎత్తు టేపుతో కొలుస్తారు. ఆ కొలత బరువుకు సరిపోతే ఆ దూలాన్ని అక్కడే ఉంచి పైన కొత్త వాసాలు వేస్తారు.